పలుపు ఎక్కడ కట్టారో చూడండి: అమెరికా చరిత్రలో కొన్ని కుక్కలు

న్యూయార్క్ వెళ్ళిన మనవాళ్ళు సెంట్రల్ పార్కులో తప్పకుండా దిగే ఫొటో ఒకటుంది. బండరాయి మీద కంచు కుక్క, దాని వీపు మీద మనవడు. ఎన్ని వేలమంది పిల్లలు ఎక్కి దిగారో, ఆ వీపు నున్నగా అరిగి మెరుస్తుంటుంది. ఫొటో కందుకూరులోనో కావలిలోనో ఉన్న చుట్టాల గ్రూపులో పడగానే "ఏం కుక్కరా అది?" అని ఒకరు అడుగుతారు. "ఏదో మందు తెచ్చిందంటలే" అని ఇంకొకరు అంటారు. ఈలోపు ఎవరిదో పుట్టినరోజు వస్తుంది, కుక్క సంగతి అంతటితో సరి.

ఆ కుక్క పేరు బాల్టో. మందు తెచ్చిన మాట నిజమే. కాకపోతే ఆ దారిలో దాదాపు 150 కుక్కలు పరిగెత్తాయి, బాల్టో ఉన్నది చివరి జట్టులో. అన్నిటికంటే కష్టమైన దారిలో నడిచిన కుక్క వేరే ఉంది.

కుక్కల గొప్పతనం రాసేవాళ్ళు ఎక్కువగా విశ్వాసం గురించి రాస్తారు. మనది ఒంగోలు గిత్తల సీమ. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సీనియర్స్ అని వరసగా బండలాగుడు పోటీలు చూసే జనానికి విశ్వాసం కంటే ముందు కనపడేది కాడి. మెడ మీద సరిగ్గా కూర్చుందా, మోకు ఎంత పొడవు వదిలారు, తోలేవాడు ఎక్కడ నిలబడ్డాడు. అమెరికా కుక్కల కథల్ని కూడా అలా చూస్తేనే బాగా అర్థమవుతాయి. తాడు ఎక్కడ కట్టారు, రెండో కొస ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు విషయం.

మంచు మీద నడిచే స్లెడ్ బండికి చక్రాలుండవు, నొగ ఉండదు, కాడీ ఉండదు. బండి ముందు నుంచి ఒకే ఒక్క పొడవాటి మోకు సాగుతుంది, దాన్ని గ్యాంగ్‌లైన్ అంటారు. ఆ మోకుకు అటొకటి ఇటొకటి చొప్పున కుక్కల్ని జతలుగా కడతారు. ఒక్కోదానికి రెండు తాళ్ళు. ఒకటి ఒంటి పట్టీల చివర, తోక మొదట్లో తగిలించే లాగుడు తాడు. బరువంతా దీని మీదే. రెండోది మెడపట్టీ నుంచి మోకుకు కట్టే పొట్టి తాడు. కుక్క వరస తప్పకుండా ఉండడానికే అది. మెడతాడుతో లాగిస్తే కుక్కకు ఊపిరాడదు, ఊరు దాటకముందే కూలబడుతుంది. అందుకే బరువు రొమ్ము ఎముక మీద, భుజాల మీద పడేటట్టు పట్టీలు కుడతారు. రొమ్ము దగ్గర మెత్త ఉంటుంది, వీపు మీద పట్టీలు ఇంటూ గుర్తులా కలుస్తాయి. మన దగ్గర కాడి మూపురం ముందు కూర్చుని బరువు తీసుకుంటే పలుపు గొంతు కింద వదులుగా వేలాడుతుంది చూడండి, లెక్క అదే.

బలమైన కుక్కను అన్నిటికంటే ముందు కడతారని అనుకుంటాం. కట్టరు. ముందుండే లీడ్ కుక్కకు కావలసింది తెలివి, మాట వినే గుణం, దారి పసిగట్టే ముక్కు. దాని వెనక జత స్వింగ్, మలుపులో మిగతావాటిని తిప్పుకొచ్చేవి. నడిమివి టీమ్. బండిని ఆనుకుని ఉండే చివరి జత వీల్. బండి మలుపు తిరిగినా గుట్ట దిగినా కుదుపంతా మొదట తగిలేది ఈ జతకే, కాబట్టి బలిసిన కుక్కలు ఇక్కడుంటాయి. తోలేవాడికి పగ్గం లేదు, ముకుతాడు లేదు. నోటిమాటే. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి. మనం ఎలపట, దాపట అని ఎద్దుకు పేరు పెట్టుకుంటే వాళ్ళు పేరు దిక్కుకే పెట్టారు. వెనక నిలబడ్డవాడి కళ్ళు ఎప్పుడూ లాగుడు తాళ్ళ మీదే ఉంటాయి. ఒక తాడు వదులైందంటే ఆ కుక్కకు ఒంట్లో బాగోలేదు, లేదా మిగతావాటి మీద భారమేసి ఊరికే పరిగెడుతోంది. రెండూ జరుగుతాయి.

ఇక పాదాలు. తడి మంచు వేళ్ళ సందుల్లో చేరి గడ్డకడుతుంది, నడిచేకొద్దీ గాజుపెంకులా కోస్తుంది. అందుకే బట్టతో గానీ తోలుతో గానీ చిన్న జోళ్ళు కుట్టి తొడుగుతారు. జోడు బిగిస్తే కాలికి రక్తం ఆడదు, వదులైతే అర మైలులో ఊడిపోతుంది.

ఇప్పుడు 1925 జనవరికి రండి. అలాస్కా పడమటి అంచున నోమ్ అనే ఊరు. చలికాలం సముద్రం గడ్డకట్టి ఓడలు రావు. ఊళ్ళో ఉన్న ఒకే డాక్టరు కర్టిస్ వెల్ష్ పిల్లల గొంతుల్లో డిఫ్తీరియా చూశాడు. దాన్ని మనం కంఠసర్పి అంటాం. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆపేస్తుంది, దాని విషం గుండెనూ దెబ్బతీస్తుంది. ఇప్పుడు మన పిల్లలకు 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ సూదిలో దీని టీకా కూడా ఉంటుంది కాబట్టి ఆ పేరే మరిచిపోయాం. అప్పట్లో జబ్బు వచ్చాక ఉన్న దారి ఒకటే: గుర్రాల రక్తం నుంచి తీసిన విషహర సీరమ్. వెల్ష్ దగ్గరున్నది పాతది, చాలీచాలనిది. జనవరి 22న ఆయన తంతి కొట్టించాడు.

3 లక్షల యూనిట్ల సీరమ్ యాంకరేజ్ రైల్వే ఆసుపత్రిలో దొరికింది. ఊరందరికీ సరిపోదు గానీ పెద్ద మోతాదు వచ్చేదాకా ఆపుతుంది. విమానాలున్నాయి, కాకపోతే పైకప్పు లేనివి, చలికాలమని విప్పి పెట్టినవి. గాజు సీసాల్ని బొంతల్లో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి రైల్లో నెనానా దాకా పంపారు. మొత్తం మూట తొమ్మిది కిలోలు. అక్కడి నుంచి నోమ్‌కు 674 మైళ్ళు, అంటే 1,085 కిలోమీటర్లు. మామూలుగా టపా బండికి నెలకు కాస్త తక్కువ పట్టే దారి. 20 మంది తోలేవాళ్ళు, ఒకరి చేతి నుంచి ఒకరికి మార్చుకుంటూ, అయిదున్నర రోజుల్లో చేర్చారు.

చలి సున్నాకు 45 డిగ్రీల కిందికి పోయింది. ఆ చలిలో కుక్క గట్టిగా పరిగెత్తినా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లోకి పోయే గాలి లోపల కణజాలాన్ని కాల్చేస్తుంది. ఆగితే ఒళ్ళు బిగుసుకుపోతుంది. చార్లీ ఇవాన్స్ అనే అతను కుక్కల గజ్జల దగ్గర కుందేలు తోలు కట్టడం మరిచాడు. అక్కడ బొచ్చు పలచన, మంచు మొదట పట్టేది అక్కడే. అతని రెండు లీడ్ కుక్కలూ దారిలోనే కూలిపోయాయి. వాటి చోట అతనే తాడు భుజాన వేసుకుని లాగుతూ తర్వాతి మజిలీ చేరాడు. ఒక తోలుముక్క అంతపని చేసింది.

నడిమి భాగం లియొనార్డ్ సెప్పలా అనే నార్వే మనిషిది. అతని లీడ్ కుక్క టోగో. అప్పటికి దానికి 12 ఏళ్ళు; బరువు 22 కిలోలు, మన వీధికుక్క కంటే కాస్త ఎక్కువ. సెప్పలా నోమ్ నుంచి ఎదురు బయలుదేరి 170 మైళ్ళు పోయి మూట అందుకుని వెనక్కి తిరిగాడు. తిరుగుదారిలో నార్టన్ సౌండ్ ఉంది. ఉప్పునీటి అఖాతం, పైన మంచు పలక, కింద అలలు. గాలి మళ్ళితే పలక విరిగి మనిషినీ బండినీ నడిసముద్రంలోకి మోసుకుపోతుంది. చుట్టుతిరిగి ఒడ్డు వెంట పోతే ఒక రోజు ఎక్కువ పడుతుంది. చీకట్లో, గాలిదుమారంలో తోలేవాడికి ముందున్న కుక్కలే కనపడవు. మంచు చప్పుడు విని, వాసన పట్టి, పగులు తప్పించి నడిపింది టోగోనే. సీరమ్‌తో అతని జట్టు పరిగెత్తింది 91 మైళ్ళు. మన లెక్కలో నెల్లూరులో బయల్దేరితే ఒంగోలు దాటి ఇంకో పాతిక కిలోమీటర్లు. ఆ పరుగులో ఇంకెవరూ అంత దూరం మోయలేదు.

చివరి భాగం గునార్ కాసెన్‌ది, 13 కుక్కలు, ముందు బాల్టో. గాలికి బండి తిరగబడి మూట మంచులో పడిపోతే చేతి తొడుగులు తీసి వట్టి చేతులతో వెతికి తీశాడు. పాయింట్ సేఫ్టీ అనే చోట మూట ఇంకొకరికి ఇవ్వాలి. ఆ మనిషి నిద్రలో ఉన్నాడు. లేపి, కుక్కల్ని కట్టించి, బయల్దేరదీయడం ఎందుకని కాసెన్ ఆగకుండా పోయాడు. మొత్తం 53 మైళ్ళు. ఫిబ్రవరి 2 తెల్లవారుజాము అయిదున్నరకు నోమ్ చేరాడు. సీరమ్ గడ్డకట్టి ఉంది, ఒక్క సీసా పగల్లేదు. కరిగించి వాడితే పనిచేసింది.

పత్రికలవాళ్ళకు కనపడింది ఊళ్ళోకి వచ్చిన కుక్క. అదే సంవత్సరం డిసెంబరులో సెంట్రల్ పార్కులో విగ్రహం లేచింది, బాల్టో స్వయంగా చూస్తుండగానే. సెప్పలా జీవితాంతం దీన్ని మింగలేకపోయాడు. అతని దృష్టిలో బాల్టో సరుకు బండి లాగే రెండో రకం కుక్క. నా మటుకు బాల్టోను తీసిపారేయడం కూడా సరికాదనే అనిపిస్తుంది. చివరి 53 మైళ్ళు ఎవరో ఒకరు నడవాలిగా. నడిచిందది.

విగ్రహం పెట్టి రెండేళ్ళు తిరక్కముందే ఆ కుక్కలు లాస్ ఏంజెలిస్‌లో ఒక చవక ప్రదర్శనశాలలో గొలుసులతో కట్టేసి, తిండి సరిగ్గా లేక కనపడ్డాయి. క్లీవ్‌లాండ్ వ్యాపారి జార్జ్ కింబుల్ చూసి కదిలిపోయాడు. యజమాని 2,000 డాలర్లు అడిగాడు. క్లీవ్‌లాండ్ బడిపిల్లలు పైసలు పోగేశారు, పది రోజుల్లో సొమ్ము సమకూరింది. 1927 మార్చిలో బాల్టో, మరో ఆరు కుక్కలు ఆ ఊరి జూకు చేరాయి. బాల్టో 1933లో చనిపోయింది. దాని చర్మంలో పూరించిన రూపం క్లీవ్‌లాండ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. టోగోది అలాస్కాలోని వసిల్లాలో ఉంది. బాల్టోకు సంతానం లేదు, చిన్నప్పుడే విత్తులు కొట్టించారు. టోగో రక్తం మాత్రం ఇప్పటికీ సైబీరియన్ హస్కీల్లో నడుస్తోంది. మన పోతుల వ్యవహారంలోనూ ఇంతే కదా, పందెం గెలిచినదానికి దండ, విత్తనానికి ఇంకోటి.

తెల్లవాళ్ళు రాకముందు సంగతి ఒకటి. అమెరికా నడిమి మైదానాల్లో గుర్రాలు లేని రోజుల్లో బరువు మోసింది కుక్కే. రెండు కర్రల్ని భుజాల మీద కలిపి కట్టి, వెనక కొసలు నేల మీద ఈడ్చుకుపోయేలా వదిలి, మధ్యలో తడిక వేసి సామాను పెట్టేవాళ్ళు. దాన్ని ట్రావోయ్ అంటారు. ఇరవై ముప్పై కిలోలు లాగేది. తర్వాత స్పెయిన్ వాళ్ళ గుర్రాలు వచ్చాయి. ఆ మైదానాల్లోని లకోటా తెగవాళ్ళు గుర్రాన్ని 'షుంకా వకాన్' అన్నారు, మహిమగల కుక్క అని. వాళ్ళ భాషలో కుక్క 'షుంకా', మనకు శునకం. రెండింటికీ సంబంధం ఏమీ లేదు, కాకతాళీయమే. అయినా వినగానే చెవి ఆగుతుంది.

పసిఫిక్ ఒడ్డున సేలిష్ జనం ఉన్ని కోసమే కుక్కల్ని పెంచారు. నెల్లూరు గొర్రెకు, పల్ల అయినా జొడిపి అయినా డోర అయినా, ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. అది మాంసం జాతి. అక్కడేమో కుక్క ఉన్ని ఇచ్చింది. మిగతా కుక్కలతో కలవకుండా చిన్న దీవుల్లో విడిగా ఉంచి, చేపలు పెట్టి మేపి, గొర్రెల్లాగే బొచ్చు కత్తిరించి, దాంతో దుప్పట్లు నేశారు. జాతి మిగల్లేదు. మటన్ అనే ఒక్క కుక్క తోలు 1859 నుంచి స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 2023లో దాని జన్యువులు చదివారు. వేల ఏళ్ళపాటు ఈ జాతిని వేరుగా కాపాడుకున్నారని తేలింది. కుక్కకు మటన్ అని పేరు పెట్టినవాడి సరసం ఏమిటో మరి.

లూయిస్, క్లార్క్ అనే అన్వేషకులు ఖండం దాటిన ప్రయాణంలో సీమన్ అనే నల్ల న్యూఫౌండ్‌లాండ్ కుక్క ఉండేది. 1803లో 20 డాలర్లకు కొన్నది. ఒహాయో నదిలో ఈదుతున్న ఉడతల్ని పట్టి తెచ్చేది, వాళ్ళు వేయించుకు తినేవాళ్ళు. 1805 మేలో బీవర్ అనే నీటి జంతువు దాని వెనక కాలి రక్తనాళం కొరికేసింది, బతకదనుకున్నారు, బతికింది. అదే నెలలో ఒక రాత్రి గుడారాల వైపు దూసుకొచ్చిన అడవిదున్నను మొరిగి పక్కకు తోలింది. చేతిరాత సరిగ్గా పోల్చుకోలేక దాని పేరు 'స్కానన్' అని చాలాకాలం చదివారు. ఒక వాగుకు వాళ్ళు పెట్టిన పేరును బట్టి 1980లలో గానీ సీమన్ అని తేలలేదు.

రైలు టపాలో తిరిగిన ఓనీ కథ మన మెయిలు బండి ఆర్‌ఎమ్‌ఎస్ పెట్టెను చూసినవాళ్ళకు నచ్చుతుంది. 1888 ప్రాంతంలో ఆల్బనీ తపాలా కార్యాలయంలో టపా సంచుల మీద నిద్రపోతూ అలవాటైన నాటుకుక్క. సంచులు ఎటు పోతే అటు రైలెక్కేది. ఏ ఊరికి పోతే ఆ ఊరి గుమాస్తాలు పట్టీకి ఒక బిళ్ళ తగిలించేవాళ్ళు. కొన్నాళ్ళకు మెడ వంగిపోయేంత బరువైంది. తపాలా శాఖాధిపతి జాన్ వానమేకర్ బిళ్ళల బరువు ఒంటి మీద సర్దుకునేలా చిన్న కోటు చేయించాడు. తాడు కథే మళ్ళీ, మెడ మీది బరువును భుజాల మీదికి మార్చడం. 1895లో ఓడల మీద ఆసియా, యూరప్ చుట్టి వచ్చింది. లెక్కకొచ్చిన బిళ్ళలు, పతకాలు 1,017. ముగింపు మాత్రం బాగోదు. ముసలిదై, చూపు మందగించి, 1897 జూన్‌లో టొలీడోలో ఒకరి మీద తిరగబడితే కాల్చేశారు. ముసలికుక్కను కొత్త చోట గొలుసుతో కట్టేస్తే కరుస్తుందని ఏ పల్లెలోనైనా చెబుతారు.

నా లెక్కలో అన్నిటికంటే శుభ్రంగా జరిగిన పని స్మోకీది. యార్క్‌షైర్ టెరియర్, బరువు 1.8 కిలోలు, ఎత్తు జానెడు లేదు. రెండో ప్రపంచయుద్ధంలో న్యూగినీ అడవిలో దొరికితే బిల్ విన్ అనే సైనికుడు రెండు ఆస్ట్రేలియా పౌండ్లకు కొన్నాడు. 1945 జనవరిలో ఫిలిప్పీన్స్ లింగాయెన్ విమానాశ్రయంలో టెలిఫోను తీగ వేయాలి. విమానాలు నడిచే దారి కింద పాత తూము ఉంది, పొడవు 70 అడుగులు, వ్యాసం 8 అంగుళాలు. పైన తవ్వితే మూడు రోజులు పని, అన్నాళ్ళూ విమానాలు ఆరుబయట శత్రువుకు గురిగా నిలబడాలి. తూము రేకుగొట్టాలు అతికినది. అతుకు అతుకు దగ్గరా మన్ను జారి కొన్నిచోట్ల సగం పూడిపోయింది. రొయ్యల గుంటల గట్ల కింద పైపులోంచి కరెంటు తీగ లాగినవాళ్ళకు తెలుస్తుంది, కర్ర పోదు, తీగ వంగిపోతుంది, మధ్యలో మన్ను అడ్డం.

స్మోకీ మెడపట్టీకి దారం కట్టారు. తీగ కట్టలేదు, ఆ బరువు అది లాగలేదు. దారం అవతలికి చేరితే దాంతో తాడు, తాడుతో తీగ. ఒకరు ఈ కొసలో కుక్కను వదిలి దారం అందిస్తుంటే, విన్ అవతలి కొసలో మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాడు. పది అడుగులు పోయాక దారం ఎక్కడో చిక్కుకుంది. కుక్క ఆగి వెనక్కి చూసింది. దారం వదులు చేశారు, చిక్కు వీడింది. మళ్ళీ కదిలింది. చివరి పదిహేను అడుగులు పరిగెత్తుకొచ్చింది. రెండు నిమిషాల పని. ఇందులో మాయ లేదు. ఎవరి గొంతు వింటే వస్తుందో ఆ మనిషి అవతలి పక్క ఉండడం, కట్టింది దారమే కావడం, ఈ రెండూ సరిగ్గా కుదిరాయి.

యుద్ధం కుక్కలు ఇంకా చాలా ఉన్నాయి. మొదటి యుద్ధంలో 102వ పదాతి దళంతో ఫ్రాన్సు పోయిన స్టబీ 17 పోరాటాల్లో ఉంది, విషవాయువు వాసన మనుషులకంటే ముందే పట్టి లేపేది. సార్జెంట్ అని పేరైతే పడింది గానీ ఆ హోదా సైన్యం కాగితాల్లో కనపడదు. చిప్స్ 1943 జులై 10న సిసిలీ ఒడ్డున మెషిన్‌గన్ గూడులోకి దూకి లోపలివాళ్ళను బయటికి తెచ్చింది. సిల్వర్ స్టార్ అనే సాహస పతకం ఇచ్చారు, జంతువులకు ఇవ్వకూడదని వెనక్కి తీసుకున్నారు. 2018లో జంతువుల సాహసానికి బ్రిటన్ వాళ్ళు ఇచ్చే డికిన్ పతకం ఇచ్చారు, అప్పటికి చిప్స్ పోయి డెబ్బై ఏళ్ళు దాటింది.

చిప్స్ లాంటివి జనం ఇళ్ళ నుంచి తెచ్చి అప్పగించిన కుక్కలు. యుద్ధం అయ్యాక వాటికి మళ్ళీ మచ్చిక నేర్పి యజమానులకు తిరిగి ఇచ్చారు. వియత్నాం నాటికి కుక్కలు సైన్యం సొంతం, అంటే లెక్కల పుస్తకంలో సామాను. సుమారు 4,000 కుక్కలు పోతే తిరిగొచ్చినవి 200 దాకా. మిగతావాటిని మిగులు సామాను కింద అక్కడే వదిలారు, లేదా చంపేశారు. తోలినవాళ్ళు బతిమాలినా వినలేదు. పదవీ విరమణ చేసిన సైనిక కుక్కను పెంచుకోవడానికి ఇవ్వవచ్చని చట్టం వచ్చింది 2000లో. దానికి రాబీ అనే కుక్క పేరుంది, రాబీకి మాత్రం ఆ చట్టం ఉపయోగపడలేదు.

రెండో కొస ఎవరి చేతిలో ఉందన్నది కూడా చెప్పాలి. బానిసత్వం నడిచిన రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో పారిపోయిన మనుషుల్ని పట్టడానికి వేటకుక్కల్ని ప్రత్యేకంగా తయారుచేసి కిరాయికి తిప్పేవాళ్ళు. 1963 మే 3న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, హక్కుల కోసం నడిచిన నల్లజాతి పిల్లల మీదికి పోలీసు శాఖ పెత్తనం చూసే బుల్ కానర్ హయాంలో కుక్కల్ని ఉసిగొల్పారు. ఒక కుర్రాడి పొట్ట మీదికి ఎగిరిన కుక్క ఫొటో మర్నాడు దేశమంతా పత్రికల్లో వచ్చింది. ఆ ఫొటోలో చూడాల్సింది కుక్క కోరలు కాదు. పోలీసు రెండో చేత్తో కుర్రాడి స్వెటర్ పట్టుకుని ఉన్నాడు, తాడు పొట్టిగా బిగించి ఉంది. మరుసటి ఏడాది పౌరహక్కుల చట్టానికి దారి తీసిన ఒత్తిడిలో ఆ ఫొటో వాటా పెద్దది.

మధ్యలో ఒక సరదా లెక్క. 1870లో మిస్సోరీలో ఓల్డ్ డ్రమ్ అనే వేటకుక్కను పొరుగువాడు చంపించిన కేసులో లాయరు జార్జ్ వెస్ట్ జూరీ ముందు మాట్లాడాడు, కుక్క విశ్వాసం మీద తప్ప కేసు మీద ఒక్క ముక్క అనలేదు. 50 డాలర్ల పరిహారం వచ్చింది. 1944లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన కుక్క ఫాలా మీద ప్రత్యర్థులు వేసిన నిందకు భోజనాల సభలో వెటకారంగా జవాబిచ్చి ఎన్నికల ఊపు మార్చాడు. 1952లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేస్తున్న నిక్సన్ విరాళాల ఆరోపణ మీద టీవీలో సంజాయిషీ ఇస్తూ, చెకర్స్ అనే కుక్కను మాత్రం తిరిగివ్వను, పిల్లలు దాన్ని ప్రేమిస్తున్నారన్నాడు. మూడు ఉపన్యాసాలూ సెప్టెంబరు 23నే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు రోజూ ఎదురయ్యేది మాత్రం చూపులేనివాళ్ళను నడిపించే కుక్క. దాని మొదలు 1928. నాష్‌విల్ కుర్రాడు మోరిస్ ఫ్రాంక్, 20 ఏళ్ళు, రెండు కళ్ళూ పోయాయి. స్విట్జర్లాండులో కుక్కలు పెంచే డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ ఆమె పత్రికలో రాసిన వ్యాసం తండ్రి చదివి వినిపిస్తే, అక్కడికి పోయి జర్మన్ షెపర్డ్‌తో తిరిగొచ్చాడు. కుక్క పేరు కిస్. నలుగురిలో అలా పిలవడానికి సిగ్గుపడి బడ్డీ అని మార్చాడు. న్యూయార్క్ ఓడరేవు పక్కన వెస్ట్ స్ట్రీట్ అనే వెడల్పాటి రోడ్డు, బళ్ళు ఆగవు. విలేకరులు చూస్తుండగా బడ్డీ వెంట దాటాడు. యూస్టిస్‌కు తంతి ఇచ్చాడు, ఒకే మాట: విజయం. 1929 జనవరిలో సీయింగ్ ఐ సంస్థ మొదలైంది. ఇప్పుడది న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో ఉంది, ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళకు దగ్గరే. కుక్కకు తీసుకునే రుసుము మొదటిసారికి 150 డాలర్లు, మాజీ సైనికులకు ఒక డాలరు. 1930లలో పెట్టింది, పెంచలేదు.

ఇక్కడ కట్టింది తాడు కాదు. ఒంటి పట్టీకి బిగించిన గట్టి పిడి, మనిషి ఎడమ చేతిలో. తాడైతే లాగుడు మాత్రమే తెలుస్తుంది. గట్టి పిడైతే కుక్క భుజం ఇటు వంగిందా, ఆగిందా, మెట్టు ఎక్కిందా అన్నీ చేతికి చేరతాయి. దారి తెలిసింది మనిషికి, కుక్కకు కాదు. మూడో మలుపు కుడికి అని మనసులో లెక్కపెట్టుకునేది మనిషే. అడ్డాలు తప్పించడం, ఫుట్‌పాత్ అంచున, మెట్ల దగ్గర ఆగడం కుక్క పని. సిగ్నల్ లైటు కుక్క చూడదు. పక్క రోడ్డు బళ్ళు కదిలిన చప్పుడు విని మనిషే ముందుకు పొమ్మంటాడు. అప్పుడు బండి మీదికొస్తుంటే కుక్క కదలదు. చెప్పినమాట వినకుండా ఉండడం కూడా నేర్పుతారన్నమాట, ఇదే అన్నిటికంటే కష్టమైన పాఠం. బ్యాటరీ కార్లు చప్పుడు చేయకపోవడం ఈ పద్ధతికి పెద్ద దెబ్బ. అందుకే నెమ్మదిగా పోయేటప్పుడు శబ్దం చేయాలని 2010 నాటి చట్టం పెట్టింది.

పిల్లను ఏడెనిమిది వారాల వయసులో వాలంటీరు కుటుంబానికి ఇస్తారు. ఏడాది దాటాక వెనక్కి తీసుకుని నాలుగు నెలలు శిక్షకుడితో, ఆ తర్వాత కొన్ని వారాలు కొత్త యజమానితో. ఇంత పనీ చెడగొట్టేది దారినపోయేవాళ్ళు. ముద్దొచ్చిందని నిమరడం, ఈల వేయడం, బిస్కెట్ చూపడం. పిడి ఉన్నంతసేపు కుక్క డ్యూటీలో ఉన్నట్టే. కళ్ళు కలపకుండా పక్కకు తప్పుకోవాలి. దారి చెప్పాలంటే కుక్కతో కాదు, మనిషితో చెప్పాలి.

ఒంగోలు, నెల్లూరు వైపు నుంచి పోయి అక్కడ హోటళ్ళు, మోటెళ్ళు, పెట్రోలు బంకులు నడుపుతున్నవాళ్ళు చాలామంది. వాళ్ళకు తెలియాల్సింది ఒకటుంది. 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం ఇలాంటి కుక్కను లోపలికి రానివ్వాలి. అడగదగ్గవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పనికి తయారుచేశారు. కాగితాలు అడగకూడదు, జబ్బేమిటని అడగకూడదు, అదనంగా డబ్బు తీసుకోకూడదు. పక్క బల్లవాళ్ళకు కుక్కంటే భయమన్నా అది కారణం కాదు, వాళ్ళనే దూరంగా కూర్చోబెట్టండి. కుక్క అదుపు తప్పినా యజమాని ఆపకపోతే, లేదా అది లోపల మలమూత్రాలతో పాడుచేస్తే, అప్పుడు బయటికి పంపమనవచ్చు. మామూలుగా అది బల్ల కింద ముడుచుకుని పడుకుంటుంది, ఉందని కూడా తెలీదు. సాంబారు బకెట్టు మోసే కుర్రాడికి దాని తోక ఎటువైపుందో ముందే చెప్పి పెట్టండి.